కాలప్రత్యయముల పుట్టుక: స్పానిష్ ధాతువు 'అబ్లార్' చెప్పు సాక్ష్యము

క్రియయందలి కాలప్రత్యయములు మొదటినుండియు ప్రత్యయములేనా, లేక ఒకప్పుడు స్వతంత్రక్రియలై యుండి క్రమముగా ధాతువునకు అంటుకొన్నవా అను ప్రశ్న తెలుగు వ్యాకరణమును పరిశోధించువారికి క్రొత్తది కాదు. 'చేయుచున్నాడు' అను రూపమున 'ఉన్నాడు' అను క్రియ యున్నదని విద్యార్థియు గుర్తింపగలడు. 'చేసెదను' అనుదానిలోని 'ఎద' ఎచ్చటినుండి వచ్చినదో చెప్పుట మాత్రము సులభము కాదు. ఏలయన, తెలుగునకు మూలమైన ద్రావిడభాష వ్రాతరూపమున మనకు లభింపలేదు. సోదరభాషలను పోల్చి దానిని ఊహింపవలసినదే. స్పానిష్ భాషకు ఈ కొఱత లేదు. దాని మాతృకయగు లాటిన్ లిఖితమై యున్నది. నడిమి శతాబ్దుల రూపములును గ్రంథస్థములై యున్నవి. కావున ఒక కాలప్రత్యయము పుట్టి పెరిగిన తీరును అందు అడుగడుగున పరిశీలింపవచ్చును. అందులకై 'మాటలాడు' అను నర్థముగల సాధారణధాతువు నొకదానిని ఇచ్చట గ్రహించుచున్నాను. నిశ్చయార్థకరూపములకే ఈ పరిశీలనము పరిమితము.

ఆ ధాతువు 'అబ్లార్'. లాటిన్ భాషలో 'ఫాబుల' యనగా కథ; 'ఫాబులారీ' యనగా ముచ్చటించుట. స్పానిష్ భాషలో పదాది ఫకారము తొలుత హకారమై, పిమ్మట ఉచ్చారణమున లోపించినది. పోర్చుగీసు భాషలో 'ఫలార్' అను రూపమున అది నేటికిని నిలిచియున్నది. స్పానిష్ భాషలో అచ్చులకు హ్రస్వదీర్ఘభేదము లేదు; ఊనికయే ప్రధానము. ఈ వ్యాసమున ఊనిక గల అచ్చును దీర్ఘముగా వ్రాయుచున్నాను.

వర్తమానరూపములు ఇవి:

ఏకవచనము: ఆబ్లొ (నేను), ఆబ్లస్ (నీవు), ఆబ్ల (అతడు, ఆమె)
బహువచనము: అబ్లామొస్ (మేము, మనము), అబ్లాయిస్ (మీరు), ఆబ్లన్ (వారు)

తెలుగునందువలెనే పురుషప్రత్యయము క్రియలోనే యుండుటచే కర్తృపదమును చెప్పకున్నను వాక్యము పూర్ణమగును. లింగభేదము మాత్రము క్రియలో తెలియదు. మన 'మాటలాడినాడు', 'మాటలాడినది' అను భేదము అచ్చట లేదు. ఇక 'అబ్లాయిస్' అను రూపము స్పెయిన్ దేశమున వాడుకలో నున్నది. అమెరికాఖండపు స్పానిష్ భాషలో 'మీరు' అనుటకు 'ఉస్తేదెస్' అను గౌరవపదమును చెప్పి, 'వారు' అనుదాని క్రియనే చేర్చుదురు. మనకును 'మీరు వచ్చినారు', 'వారు వచ్చినారు' అను చోట్ల క్రియ యొకటే.

భూతకాలము రెండు విధములు. ముగిసిన పనిని చెప్పునది మొదటిది: అబ్లే, అబ్లాస్తె, అబ్లో, అబ్లామొస్, అబ్లాస్తెయిస్, అబ్లారొన్. జరుగుచుండిన పనిని, అలవాటుగా జరిగిన పనిని చెప్పునది రెండవది: అబ్లాబ, అబ్లాబస్, అబ్లాబ, అబ్లాబమొస్, అబ్లాబయిస్, అబ్లాబన్. 'అబ్లో' అనగా 'మాటలాడెను'. 'అబ్లాబ' అనగా 'మాటలాడుచుండెను', లేదా 'మాటలాడెడివాడు'. 'ఆబ్లొ' (మాటలాడుదును), 'అబ్లో' (మాటలాడెను) అను రెంటికిని ఊనికయే భేదకము. 'అబ్లామొస్' అను రూపము వర్తమానమునకును భూతమునకును సమానమగుటచే సందర్భమే నిర్ణాయకము.

ఈ రూపము లన్నియు లాటిన్ నుండి వారసత్వముగా వచ్చినవి. భవిష్యద్రూపము లట్టివి కావు. లాటిన్ భాషలో 'అమాబిత్' అనగా 'ప్రేమించగలడు'. 'అమావిత్' అనగా 'ప్రేమించెను'. రెండచ్చుల నడుమనున్న బకారవకారములు వ్యవహారమున ఏకమైనప్పుడు ఈ రెండు రూపములకును భేదము నిలువలేదు. ప్రాత భవిష్యద్రూపము లుప్తమైనది. దాని స్థానమున జనులు 'హబేరే' (కలిగియుండు) అను క్రియను తుమున్నంతమునకు చేర్చి పలుక సాగిరి. 'నాకు మాటలాడవలసినది కలదు' అనునది మొదటి యర్థము. విధ్యర్థము క్రమముగా జాఱిపోయి, భవిష్యదర్థము మాత్రమే మిగిలినది. ఆ సహాయక్రియకు స్పానిష్ రూపము 'అబేర్'. దాని వర్తమానరూపములను, 'అబ్లార్' యొక్క భవిష్యద్రూపములను ప్రక్కప్రక్కన నుంచిన విషయము స్పష్టమగును:

ఏ : అబ్లరే
ఆస్ : అబ్లరాస్
ఆ : అబ్లరా
ఏమొస్ : అబ్లరేమొస్
అబేయిస్ : అబ్లరేయిస్
ఆన్ : అబ్లరాన్

ఇది కేవలము ఊహ కాదు. మధ్యయుగపు స్పానిష్ రచనలలో తుమున్నంతమునకును సహాయక్రియకును నడుమ సర్వనామము చేరుచుండెను. 'అతనితో మాటలాడెదను' అనుటకు 'అబ్లార్ లె ఏ' అను పద్ధతి రూపములు వాడుకలో నుండెను. సీద్ వీరగాథయందును ఇట్టివి కలవు. రెండు భాగముల నడుమ వేఱొక పదము చేరగలిగినంతకాలము అవి రెండు పదములే. పోర్చుగీసు గ్రంథభాషలో 'ఫలార్-ల్యె-ఏయ్' అను రూపము నేటికిని శిష్టసమ్మతమే. 1492లో స్పానిష్ భాషకు తొలివ్యాకరణమును రచించిన ఆంతోనియో దె నెబ్రీహయు భవిష్యద్రూపము తుమున్నంతముతో 'అబేర్' కూడగా ఏర్పడినదని గుర్తించెను. పిమ్మట సర్వనామము నడుమ చేరుట తొలగిపోయినది, సంధి స్థిరపడినది. 'తెనేర్' (కలిగియుండు) అను ధాతువునందు నడిమి అచ్చు లోపించి, దకార మాగమమై 'తెన్‌ద్రే' అని రూప మేర్పడినది. ఇట్టి రూపమున చేరికజాడ సామాన్యవ్యవహర్తకు తోపనే తోపదు.

అదే సహాయక్రియ భూతకృదంతమునకు ముందు నిలిచినపుడు 'ఏ అబ్లాదొ' (మాటలాడియున్నాను) అగును. ఇచ్చట అది నేటికిని విడిపదమే. దాని భూతరూపము తుమున్నంతమునకు చేరగా 'అబ్లరీయ' యైనది. 'మాటలాడెదనని చెప్పెను' అను నర్థమున స్పానిష్ వాక్యము ఈ రూపమును కోరును. ఏలయన, చెప్పిన కాలమునుండి చూచి భవిష్యత్తును లెక్కింపవలెను. 1847లో చిలీ దేశమున వ్యాకరణమును ప్రకటించిన ఆంద్రేస్ బెల్యొ ఈ రూపమునకు 'భూతమునకు పరమైనది' అను నర్థము వచ్చునట్లు పేరిడెను. తెలుగున 'అని' అను అనుకరణము మూలవక్త మాటలోని కాలమునే నిలుపును గనుక, ఇట్టి ప్రత్యేకరూపముతో మనకు పని లేకపోయినది.

ఇప్పుడు తెలుగువైపు చూతము. 'హబేరే' వలె కలిగియుండుట నొక్క క్రియతో చెప్పు పద్ధతి మనకు లేదు. 'నాకు కలదు' అందుము. అయినను ఆ 'కల' ధాతువే తుమున్నంతమునకు చేరి 'మాటలాడఁగలను', 'మాటలాడఁగలవు', 'మాటలాడఁగలడు' అగుచున్నది. సామర్థ్యము దీని ముఖ్యార్థము. కాని 'సభ రేపు జరుగఁగలదు', 'అధ్యక్షులు ఐదుగంటలకు రాఁగలరు' అను ప్రకటనలలో సామర్థ్యము లేదు; శుద్ధభవిష్యత్తే కలదు. స్పానిష్ భాష నడచిన త్రోవకును దీనికిని పోలిక స్పష్టము. అయితే 'చేయనూ గలడు, మాననూ గలడు' అని నడుమ సముచ్చయము నేటికిని చేరుచున్నది. అనగా మన 'కల' రూపము 'అబ్లార్ లె ఏ' నాటి దశలో నున్నది. 'చేయుచున్నాడు' అనుదానిలోను 'చేయుచునే యున్నాడు' అని నడుమ చేర్చవచ్చును; వ్యవహారమందలి 'చేస్తున్నాడు' అనుదానిలో నేమియు చేరదు. 'చేసెదను' అనుదానిలో చేర్చుటకు తావే లేదు. నడుమ పదము చేరునా చేరదా అను నీ యొక్క పరీక్షచే మన క్రియారూపములను పరిణామదశలనుబట్టి వరుస పఱుపవచ్చును.

కథ ఇంతటితో ముగియలేదు. నేటి స్పానిష్ వ్యవహారమున, ముఖ్యముగా అమెరికాఖండమున, 'అబ్లరే' కంటె 'బోయ్ అ అబ్లార్' అనునదే భవిష్యత్తునకు ఎక్కువగా వినవచ్చును. 'బోయ్' అనగా 'పోవుచున్నాను'. మన 'మాటలాడఁబోవుచున్నాను' అనుదానిలోను పోవుటయే సహాయక్రియ. తుమున్నంతపు ద్రుతమువలన పకారము బకారమైనది. 'బోయ్', 'బోవు' అను ధ్వనిసామ్యము కేవలము కాకతాళీయము. అర్థపరిణామపు పోలిక మాత్రము యథార్థము. ప్రాతరూపమగు 'అబ్లరా' క్రమముగా ఊహార్థమున కొదుగుచున్నది. 'ఎస్తరా ఎన్ కాస' యనగా 'ఈ వేళ ఇంట నుండును' అని. మన 'ఉండును' సైతము ఇట్లే వర్తమానమును గూర్చిన ఊహను తెలుపుట గమనింపదగినది.

ఈ పోలికలవలన రెండు భాషలకు చుట్టరికము సిద్ధింపదు. వ్యతిరేకరూపములనే చూచిన భేదము తేలును. స్పానిష్ భాషలో 'నొ' అను పదమును ముందు చేర్చిన చాలును. కాలము లన్నియు నట్లే యుండును. మన 'మాటలాడను', 'మాటలాడవు', 'మాటలాడడు' అను రూపములలో కాలప్రత్యయమే యుండదు. పోలికవలన సిద్ధించునది వేఱొకటి: చరిత్ర లిఖితమై యున్న భాషలో నిరూపితమైన మార్గము, చరిత్ర మఱుగైన భాషలో ఎచ్చట వెదుకవలెనో చూపును. అది ఋజువు కాదు, దారిదీపము. తరగతిలో 'చేస్తున్నాడు' అను రూపమును అపభ్రంశమని కొట్టివేయుటకు ముందు, 'అబ్లరే' యును ఒకనాటి సంకోచరూపమే యని ఉపాధ్యాయులు తలపవలెను. సంకోచమును దోషముగా గాక పరిణామముగా పరిశీలించినప్పుడే మన కాలప్రత్యయముల చరిత్రకు త్రోవ దొరకును.