బాగుపడిన గుండెకు మనోధైర్యమును కావలెను

పుట్టుకతోనే గుండెలో రంధ్రము, కవాటములలో లోపము, లేక రక్తనాళముల అమరికలో తేడా గల శిశువులు ప్రతి వేయి జననములలో సుమారు 8, 9 మంది ఉందురు. శస్త్రచికిత్స ఖర్చు భరింపజాలని పేద కుటుంబములలో పూర్వము ఇట్టి బిడ్డలు పలువురు బాల్యముననే మరణించెడివారు. పులివెందులకు చెందిన వైద్యుడు డాక్టర్ వై.యస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా నున్నప్పుడు, 2007లో ఆరోగ్యశ్రీ పథకము మూడు జిల్లాలలో ఆరంభమై, పిదప రాష్ట్రమంతట వ్యాపించినది. పిల్లల గుండె శస్త్రచికిత్సలును అందు చేరినవి. మన రాష్ట్రమున ఆ పథకమిప్పుడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ అను పేర నడుచుచున్నది.

ఆనాడు చికిత్స పొందిన బిడ్డలు నేడు యువతీయువకులైనారు. గుండె నయమైనది గదా యని ఇంటివారు నిశ్చింతగా నుందురు. కాని పుట్టుకతో గుండె లోపము గల పెద్దవారిలో మూడవ వంతు వరకు ఆందోళనతోగాని, మానసిక కుంగుబాటుతోగాని బాధపడుదురని వైద్యుల అంచనా.

కారణములేవి?

చిన్ననాటి ఆసుపత్రి వాసము, రొమ్ముపై మచ్చ, “పరుగెత్తకు, బరువెత్తకు” అను నిత్యపు హెచ్చరిక మనస్సున నాటుకొనును. మరల శస్త్రచికిత్స కావలసివచ్చునేమోనను భయము, చీనీతోటలో తోటివారితో సమముగా పనిచేయలేమను సిగ్గు, పెండ్లి సంబంధము తప్పిపోవునను దిగులు దానికి తోడగును.

గుర్తించుటెట్లు?

రెండు వారములకు మించి దిగులు, నిద్రలేమి, అన్నము సహింపకపోవుట, నలుగురిలోనికి రాకుండుట యున్నచో ఉపేక్షింపరాదు. గుండెదడ, ఆయాసము భయమువలనను, గుండె లోపమువలనను గూడ కలుగును. కావున ముందు గుండె వైద్యునకు చూపి, పిదప మానసిక వైద్యుని సలహా పొందవలెను. రొమ్ము నొప్పి వచ్చినను, స్పృహ తప్పినను వెంటనే 108కి తెలుపవలెను. కుంగుబాటు మాటల చికిత్సతోను, మందులతోను తగ్గును. కొన్ని మందులు గుండె లయను మార్చును గనుక పాత శస్త్రచికిత్స కాగితములను వైద్యునకు తప్పక చూపవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగినది

బాల్యమున గుండె శస్త్రచికిత్స జరిగినవారెవ్వరో ఆశా కార్యకర్తకు తెలిసియుండును. వారి విషయము గ్రామసభలో చర్చింపక, ఆమె ద్వారా గుట్టుగా కనుగొని, వైద్యుడు చెప్పిన గడువులకు పరీక్షలకు పోవునట్లు చూడుడు. ఉపాధి హామీ పనులలో వైద్యుడు తగునన్న పనినే వారికి ఇప్పింపుడు. వివాహము, గర్భధారణ విషయమున ఊరివారి మాట కాక గుండె వైద్యుని మాట ప్రమాణము. 2022లో ఆరంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే మాట్లాడవచ్చును. ఎవరైన చావు మాట ఎత్తినచో వారిని ఒంటరిగా విడువరాదు.

ప్రభుత్వ ధనముతో, తల్లిదండ్రుల కన్నీటితో నిలిచిన ప్రాణములివి. వారిని జాలితో చూచుట మాని, సాటివారుగా ఆదరించుట గ్రామ పెద్దల విధి.