వచ్చిపోయే స్టార్టింగ్ సమస్య: లోపం బ్యాటరీదేనా?

ఉదయం మామూలుగా స్టార్ట్ అయిన కారు మధ్యాహ్నం తాళం తిప్పితే 'టిక్' మని ఊరుకుంటుంది. అరగంట ఆగి ప్రయత్నిస్తే ఏమీ జరగనట్టే సెల్ఫ్ తీసుకుంటుంది. మెకానిక్ దగ్గరకు వెళ్లేసరికి లోపం కనిపించదు. దాంతో చాలామంది ముందు బ్యాటరీని, తర్వాత సెల్ఫ్ మోటారును మార్పిస్తారు. ఖర్చు మిగులుతుంది, సమస్య తీరకపోవచ్చు.

ఇలాంటి లోపం తరచుగా తీగలు కలిసే చోట దాగి ఉంటుంది. నునుపుగా కనిపించే రెండు లోహపు ఉపరితలాలు నిజానికి కొన్ని సూక్ష్మ బిందువుల వద్దే తాకుతాయి. బ్యాటరీ టెర్మినల్‌పై పేరుకునే తెల్లని పొడి, ఎర్త్ వైరు బోల్టు కింద పట్టే తుప్పు ఆ బిందువులను తగ్గిస్తాయి. ఇంజను వేడికి, గతుకుల అదురుకు ఆ స్పర్శ మారుతూ ఉంటుంది. అందుకే లోపం వచ్చిపోతుంది.

అలాంటి జాయింటులో నిరోధం 0.02 ఓమ్ మాత్రమే అనుకుందాం. జార్జ్ ఓమ్ 1827లో ప్రచురించిన నియమం ప్రకారం, విద్యుత్ ప్రవాహాన్ని నిరోధంతో గుణిస్తే అక్కడ తగ్గే వోల్టేజి తెలుస్తుంది. 10 ఆంపియర్లు తీసుకునే లైట్లకు తగ్గేది 0.2 వోల్టు, కాబట్టి అవి బాగానే వెలుగుతాయి. సెల్ఫ్ మోటారుకు 150 ఆంపియర్లు కావాలి. అప్పుడు 3 వోల్టులు, అంటే 12 వోల్టులలో నాలుగో వంతు, ఆ జాయింటు దగ్గరే వేడిగా మారిపోతాయి.

ఆపి ఉంచిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. ఇంత తక్కువ నిరోధాన్ని సాధారణ మల్టీమీటరు నేరుగా కొలవలేదు కూడా. కొలవాల్సింది భారం పడినప్పుడు తగ్గే వోల్టేజిని.

ముందుగా గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేయాలి. మీటరు ఒక మొనను బ్యాటరీ నెగెటివ్ కొమ్ముపై, రెండోదాన్ని ఇంజను లోహంపై ఆనించాలి. మరొకరు తాళం తిప్పుతున్నప్పుడు సుమారు 0.5 వోల్టు మించితే ఎర్త్ దారిలోనే లోపం ఉంది. పాజిటివ్ కొమ్ము నుంచి సెల్ఫ్ మోటారు లావు తీగ వరకు ఇలాగే చూడాలి. రెండూ సరిగా ఉండి, బ్యాటరీ వోల్టేజే 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించాలి. మోటారుకు వెళ్లే సన్న తీగలోకి కరెంటు రాకపోతే రిలేను, తాళం స్విచ్‌ను పరీక్షించాలి.

ఈ కొలతలు బండి మొరాయించిన క్షణంలో తీస్తేనే అసలు లోపం దొరుకుతుంది. చాలాసార్లు మార్చాల్సింది ఏదీ ఉండదు. జాయింటును శుభ్రం చేసి బిగిస్తే చాలు.