ఇంటి సినిమాకి ప్రింటు సరే... నెగెటివ్ ఏదీ?

అమ్మాయి పెళ్లి సినిమా! హీరోయిన్ మన అమ్మాయి, హీరో మన అల్లుడు, క్యారెక్టర్ ఆర్టిస్టులు బంధువర్గం యావత్తూ. నిడివి నాలుగు గంటలు. సెన్సారు లేదు, పంపిణీదారు బెడద లేదు, ఫ్లాపన్న మాటే లేదు. ఈ సినిమాకి ఉన్న గండం ఒక్కటే. బీరువాలో చీరల కింద పడివున్న ఆ నల్ల క్యాసెట్టుకి బూజు పట్టిందా... శుభం కార్డు పడ్డట్టే!

నవ్వుకుని వదిలేసే మాట కాదిది. 1982 ఆసియా క్రీడల వేళ మన దేశంలో రంగుల టీవీ వచ్చింది. ఆ వెనకే వీసీఆర్లు, వాటి వెనకే పెళ్లిపందిట్లోకి వీడియో కెమెరాలు వచ్చాయి. ఆనాడు అక్షింతలు వేసిన తాతయ్యలు, అమ్మమ్మలు ఎంతోమంది ఇవాళ లేరు. వాళ్ల నడక, వాళ్ల గొంతు ఆ టేపులో తప్ప మరెక్కడా దొరకవు. టేపు ఆడించే యంత్రం సంగతా? చివరిదాకా వీసీఆర్లు చేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో ఆ పని చాలించింది. కనుక యంత్రం తిరుగుతుండగానే టేపుని కంప్యూటర్లోకి ఎక్కించాలి. బూజు కనిపిస్తే మాత్రం వీసీఆర్లో పెట్టకండి. హెడ్డు పాడవుతుంది, తర్వాత పెట్టే క్యాసెట్టుకీ ఆ బూజు అంటుకుంటుంది. ముందు శుభ్రం చేయించాలి.

సరే, ఎక్కించాం. మరి ఏ డిస్కు మీద రాయాలి?

మూడు డిస్కులు, మూడు దారులు

పెద్దన్న వీసీడీ. 1993లో పుట్టింది. చిత్రం అడ్డంగా 352 చుక్కలు, నిలువుగా 288. మన పాల్ పద్ధతి టీవీలో కనిపించే గీతలు 576 కదా, అందులో సరిగ్గా సగం! తలంబ్రాల సీనులో జనం కదిలితే చాలు, బొమ్మంతా గళ్లుగళ్లుగా విడిపోతుంది. ఒక్కో డిస్కు మీద పట్టేది 80 నిమిషాలు. పాత ప్లేయర్ తప్ప మరోటి లేని ఇంటికి తప్ప దీని జోలికి పోనక్కర్లేదు.

రెండోది డీవీడీ. 1996 నాటిది. చిత్రం 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు. పాత వీడియో క్యాసెట్టుకి ఇది అతికినట్టు సరిపోతుంది.

మూడోది బ్లూ-రే. 2006లో బజారుకొచ్చింది. ఒక పొర డిస్కులో 25 జీబీ, రెండు పొరలదైతే 50. హెచ్‌డీ కెమెరాతో తీసిన పెళ్లికి ఇదే తగింది. కానీ పాత టేపుని దీనిమీద రాయిస్తే బొమ్మ మెరుగవుతుందనుకోకండి. మసక ఫోటోని వెండి ఫ్రేములో పెడితే మొహం తేటపడుతుందా ఏమిటి!

లెక్క తప్పితే కథ కంచికే

అసలు కిటుకంతా నిడివిలో ఉంది. మామూలు డీవీడీ 4.7 జీబీ. దాన్ని మెగాబిట్లలోకి మారిస్తే దాదాపు 37,600. రెండు గంటల సినిమా అంటే 7,200 సెకన్లు. భాగిస్తే సెకనుకి 5.2 మెగాబిట్లు. ధ్వనికీ, మెనూకీ కొంత తీసేస్తే బొమ్మకి మిగిలేది 4.8. ఫరవాలేదు, బాగానే ఉంటుంది. నాలుగు గంటల పెళ్లినీ అదే డిస్కులో కుక్కారనుకోండి, మొత్తం కలిపి 2.6కి పడిపోతుంది. అప్పుడు డీవీడీ అన్న పేరే మిగులుతుంది గాని, చూడ్డానికి వీసీడీయే! కనుక రెండు డిస్కులు చేయించండి. పెళ్లి ఒకటి, అప్పగింతలు, రిసెప్షన్ ఒకటి.

ఎడిటింగ్ టేబుల్ దగ్గర

టేపులోని ప్రతి ఫ్రేమూ రెండు సగాలుగా ఉంటుంది. సరి గీతలు ఒక సగం, బేసి గీతలు ఇంకో సగం. ఏ సగం ముందు రావాలో సాఫ్ట్‌వేర్‌లో తప్పుగా పెడితే పెళ్లికూతురు నడుస్తున్నట్టుండదు, వణుకుతున్నట్టుంటుంది. డీవీడీ ఆ రెండు సగాలనీ యథాతథంగా భరిస్తుంది గనక వాటిని కలిపెయ్యాల్సిన పనిలేదు.

పేర్లు, తేదీలు వేసే అక్షరాలు తెర అంచుకి ఆనకుండా కాస్త లోపలికి ఉండాలి. కొన్ని టీవీలు అంచులు మింగేస్తాయి. జీలకర్ర-బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు... ఒక్కోదానికీ ఒక్కో చాప్టర్ పెడితే మనవరాలు రిమోట్ నొక్కి నేరుగా అక్కడికే వెళుతుంది. డీవీడీకి ధ్వని 48 కిలోహెర్ట్జ్‌లో ఉండాలి, వీసీడీకైతే 44.1.

ఇక పాటల సంగతి! పెళ్లి వీడియో అనగానే సినిమా పాట పరిచెయ్యడం మన ఆచారం. ఆ పాట కింద నాన్నగారి మంత్రం, పిన్ని వేళాకోళం, అమ్మమ్మ దీవెన అన్నీ సమాధి! పాట రేపు కూడా దొరుకుతుంది. అమ్మమ్మ గొంతు దొరకదు. డీవీడీలో ఎనిమిది ధ్వని ట్రాకుల దాకా పెట్టుకోవచ్చు. పాట ఒకదాంట్లో, అసలు ధ్వని ఇంకోదాంట్లో ఉంచమని అడగండి.

అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపేటట్టయితే ఒక మెలిక ఉంది. అక్కడి ప్లేయర్లు ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి. 720 బై 480, సెకనుకి 29.97 ఫ్రేములు. వాళ్ల కాపీ విడిగా తయారుచేయించాలి. కంప్యూటర్లో చూస్తారంటే ఈ తంటా లేదు.

డిస్కు రైట్ చేసేముందు తిరగరాసే డిస్కు మీద ఒకసారి ట్రయల్ షో వేసుకోండి. తర్వాత అసలుది, మరీ జోరు వేగంతో కాకుండా రాయండి. చివర్లో ఫైనలైజ్ చేయకపోతే వేరే ప్లేయర్లో ఆడకపోవచ్చు. డిస్కు మీద కాగితం లేబుల్ అంటించకండి, ఎండలో ఉంచకండి.

నెగెటివ్ భద్రం!

ఇంత చేశాక క్యాసెట్టునీ, ఫైలునీ పారేసే మహానుభావులున్నారు. అక్కడే వస్తుంది ముప్పు. డీవీడీ అనేది రిలీజు ప్రింటు మాత్రమే. చోటు కోసం బొమ్మని నొక్కి రాసిన ప్రింటు. దాన్నుంచి మళ్లీ ఎడిట్ చేస్తే ప్రింటు నుంచి ప్రింటు తీసినట్టే, ప్రతిసారీ కాస్త మసకబారుతుంది. పైగా ఇంట్లో రాసే డీవీడీలో సంగతంతా రంగుపూత మీద నిలుస్తుంది. ఆ పూతకి ఆయుర్దాయం ఉంది. డిస్కులే బజార్లో తగ్గిపోతున్నాయి. సోనీ సంస్థ రాసుకునే బ్లూ-రే డిస్కుల తయారీని 2025 ఫిబ్రవరిలో ఆపేసింది.

అందుకని నొక్కకముందరి ఫైలే మన నెగెటివ్. డీవీ పద్ధతిలో గంటకి 13 జీబీ అవుతుంది. ఈనాటి హార్డ్‌డిస్కుకి అదో లెక్కా! రెండు హార్డ్‌డిస్కుల్లో దాచి, ఒకటి మీ ఇంట, ఒకటి తమ్ముడి ఇంట ఉంచండి.

1932లో విడుదలైన మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'ని ఇవాళ కళ్లారా చూద్దామంటే ప్రింటు లేదు. వెండితెర చరిత్రకే ఆ గతి పట్టగా లేనిది, మన బీరువాలో క్యాసెట్టుకి పట్టదా? డిస్కు చుట్టాలకి పంచండి. నెగెటివ్ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి!