పాల్ ఫ్రాంక్ల్ గోతిక్ వాస్తువిచారణ: సిద్ధాంతం, స్థపతుల రహస్యం

వ్యాససంగ్రహం:
ప్రాగ్‌లో జన్మించిన ఆస్ట్రియా కళాచరిత్రకారుడు పాల్ ఫ్రాంక్ల్ (1878–1962) ఐరోపా మధ్యయుగ వాస్తువుపై, విశేషించి గోతిక్ శైలిపై, చేసిన కృషిని ఈ వ్యాసం పరిచయం చేస్తుంది. శైలి మారడానికి కారణాన్ని కట్టడపు రూపంలోనే వెదకాలన్నది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం ఎక్కడ బలంగా నిలుస్తుందో, ఎక్కడ చాలదో ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: పాల్ ఫ్రాంక్ల్, గోతిక్, రోమనెస్క్, రాతి బద్దె, చతురస్ర విధానం, వోల్ఫ్‌లిన్, పనోఫ్‌స్కీ.

1. ఉపోద్ఘాతం:

గోతిక్ అనే మాట తెలుగు పాఠకులకు కొత్త కాదు. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చిని వర్ణించేవారు సాధారణంగా ఆ మాటనే వాడతారు. అయితే ఒక కట్టడాన్ని గోతిక్ అనడానికి అందులో ఏ లక్షణం ఉండాలి? మొనదేలిన కమానులు అంటే సరిపోదు. అవి ఇస్లామీయ కట్టడాలలో అంతకు ముందే ఉన్నాయి. 1088లో మొదలైన క్లూనీ మఠపు మూడవ చర్చి రోమనెస్క్ శైలికి చెందినదే అయినా అక్కడా ఉన్నాయి. ఎత్తు, రంగుటద్దాల కిటికీలు కూడా విడివిడిగా నిర్ణాయకాలు కావు. లక్షణాల పట్టిక వల్ల శైలి తెలియదని గుర్తించి, ఆ లక్షణాలను ఒక్కటిగా కట్టి ఉంచే సూత్రం కోసం దాదాపు అర్ధశతాబ్దం వెదకిన పండితుడు పాల్ ఫ్రాంక్ల్. (వియన్నాలో పుట్టి అమెరికాలో గృహోపకరణాల రూపకర్తగా ప్రసిద్ధుడైన మరొక పాల్ ఫ్రాంక్ల్ ఉన్నారు. ఈ వ్యాసానికి ఆయనతో సంబంధం లేదు.)

2. విద్య, తొలి రచనలు:

ఫ్రాంక్ల్ 1878లో, ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలో భాగమైన ప్రాగ్ నగరంలో, యూదు కుటుంబంలో జన్మించారు. ఆయన మొదట చదివింది కళాచరిత్ర కాదు, వాస్తునిర్మాణం. మ్యూనిక్, బెర్లిన్ నగరాలలో ఆ శిక్షణ పొందిన తరువాతనే మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో కళాచరిత్రవైపు మళ్లారు. 1910లో పూర్తిచేసిన పరిశోధన దక్షిణ జర్మనీలోని 15వ శతాబ్దపు గాజుచిత్రకళపై. ఈ రెండు శిక్షణలూ, అంటే గోడ కట్టడమెలాగో తెలిసిన చేయి, గోడ స్థానంలో వెలుగు నిలిచిన కిటికీని చదవగల కన్ను, ఆయన తరువాతి రచనలన్నిటికీ ఆధారాలు.

మ్యూనిక్‌లో హైన్రిక్ వోల్ఫ్‌లిన్ ప్రభావం ఆయనపై పడింది. చిత్రాన్నీ శిల్పాన్నీ చిత్రకారుల జీవితకథలతో కాక చూపు పద్ధతులలోని భేదాలతో వివరించినవారు వోల్ఫ్‌లిన్. ఆ మార్గాన్ని వాస్తువుకు వర్తింపజేయడంలో ఒక చిక్కు ఉంది: కట్టడాన్ని ఎదురుగా నిలిచి చూస్తే చాలదు, అందులో నడవాలి. 1914లో వెలువడిన గ్రంథంలో ఫ్రాంక్ల్ పునరుజ్జీవన కాలం మొదలుకొని వచ్చిన వాస్తువును నాలుగు కోణాల నుండి పరిశీలించారు. స్థలం ఎలా అమరింది, రాతి శరీరం బరువును ఎలా మోస్తుంది, వెలుగులో రంగులో అది ఎలా కనిపిస్తుంది, ఏ ప్రయోజనం కోసం నిలిచింది అన్నవి ఆ నాలుగు. మొదటి కోణంలోనే ఆయన ముఖ్యమైన భేదమొకటి చూపారు. కొన్ని కట్టడాలలో స్థలం గదికి గది చేర్చినట్లు కూడికగా పెరుగుతుంది. మరికొన్నిటిలో ముందుగా ఉన్న ఒక అఖండ స్థలం భాగాలుగా విభజన పొందుతుంది. చేర్పు, విభజన అనే ఈ జంటనే ఆయన తరువాత రోమనెస్క్, గోతిక్ శైలుల భేదానికి కూడా ఉపయోగించారు. ఈ గ్రంథం ఇంగ్లీషులోకి రావడానికి 1968 దాకా ఆగవలసి వచ్చింది.

3. హాలె నుండి ప్రిన్స్‌టన్‌కు:

1921లో ఫ్రాంక్ల్ హాలె విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. 1926లో తొలి మధ్యయుగ, రోమనెస్క్ వాస్తువులపై ఆయన రాసిన సంపుటం వెలువడింది. నాజీ ప్రభుత్వం 1933లో తెచ్చిన ఉద్యోగుల చట్టం యూదు వంశీయులను విశ్వవిద్యాలయాల నుండి తొలగించింది. 1934లో ఫ్రాంక్ల్ పదవి పోయింది. ఉద్యోగం లేని ఆ సంవత్సరాలలోనే, వెయ్యికి పైగా పుటలలో, కళాశాస్త్రపు సమగ్ర వ్యవస్థను నిర్మించే ప్రయత్నం చేశారు. ఆ గ్రంథం 1938లో చెకొస్లొవేకియాలోని బ్ర్నో నగరంలో అచ్చయింది. జర్మన్ భాషలో రాసిన పుస్తకం జర్మనీకి వెలుపల వెలువడి, మరుసటి సంవత్సరానికి ఆ నగరం కూడా జర్మన్ సైన్యాల వశమైన పరిస్థితిలో దానికి దక్కవలసిన పాఠకులు దక్కలేదు. ఫ్రాంక్ల్ అమెరికా చేరి, ప్రిన్స్‌టన్‌లోని ఉన్నత అధ్యయన సంస్థలో శేషజీవితం గడిపారు. 1933లో హాంబుర్గ్ నుండి ఇదే విధంగా తొలగింపునకు గురైన ఎర్విన్ పనోఫ్‌స్కీ అప్పటికే అక్కడ ఉన్నారు.

4. స్థపతుల రహస్యం:

ఫ్రాంక్ల్ రచనలలో పరిమాణంలో చిన్నదైనా అన్నిటికంటె స్పష్టమైనది 1945లో ఒక అమెరికన్ కళాపత్రికలో వెలువడిన వ్యాసం. మధ్యయుగ స్థపతులు దాచుకొన్న రహస్యం ఏమిటన్నది అందులోని ప్రశ్న. 1459లో రెగెన్స్‌బుర్గ్‌లో సమావేశమైన రాతిపని శ్రేణులవారు ఒక నియమం చేసుకొన్నారు: ప్లాను నుండి ఎలివేషన్‌ను రాబట్టే విధానం తమ వృత్తికి చెందని వారెవరికీ నేర్పరాదు. ఈ నియమం చుట్టూ శతాబ్దాలుగా గూఢవిద్యల కథలు అల్లుకొన్నాయి. ఫ్రాంక్ల్ ఆ కథలను పక్కన పెట్టి, వాస్తుశిక్షణ పొందినవాడిగా మరింత సాదా ప్రశ్న వేశారు. ప్లాను మాత్రమే చేతిలో ఉంటే ఎత్తు ఎంతో ఎలా తెలుస్తుంది?

సమాధానానికి ఆధారం శ్రేణి లోపలి నుండే దొరికింది. రెగెన్స్‌బుర్గ్ కథెడ్రల్ స్థపతి మత్తేయస్ రోరిట్సర్ 1486లో కట్టడపు కొనలపై నిలిపే చిన్న శిఖరాల నిర్మాణం గురించి ఒక చిరుపొత్తం అచ్చువేశారు. అందులోని పద్ధతి ఇది. ముందు ఒక చతురస్రం గీయాలి. దాని భుజాల మధ్యబిందువులను కలిపితే లోపల ఏటవాలుగా మరొక చతురస్రం వస్తుంది. దాని వైశాల్యం మొదటిదానిలో సరిగ్గా సగం. దానిలో అదే విధంగా మూడవది గీయాలి. ఇప్పుడు నడిమి చతురస్రాన్ని 45 డిగ్రీలు తిప్పితే మూడూ సమాంతరంగా ఒకదానిలో ఒకటి ఇముడుతాయి. శిఖరం పైకి పోయేకొద్దీ సన్నబడవలసిన కొలతలు వీటి నుండే వస్తాయి. ఎత్తు కూడా ఈ చతురస్రపు భుజాన్ని ఇన్ని మార్లు అని లెక్కించడమే.

ఇందులో గుణకారం లేదు, భాగహారం లేదు, స్కేలు లేదు. వర్గమూలం రెండు అనే సంఖ్య పేరు తెలియని మేస్త్రీ కూడా వృత్తలేఖిని, మూలమట్టం, తాడు సాయంతో ఆ నిష్పత్తిని తప్పు లేకుండా రాతిపై దించగలడు. ఫ్రాంక్ల్ సూచించిన కారణం ఇక్కడే ఉంది. ఊరికొక అడుగు, ఊరికొక మూర ఉన్న కాలమది. కొలతలు రాసి పంపితే పక్క ఊరిలో అవి వేరొక పరిమాణమవుతాయి. నిష్పత్తి మాత్రం మారదు. తోలు మీద గీసిన చిన్న బొమ్మ నుండి నిలువెత్తు రాతిపనికి పోవడానికి ఒక్క మూలకొలత చాలు. అంటే శ్రేణులు కాపాడుకొన్నది దివ్యజ్ఞానం కాదు, జీవనోపాధి.

అయితే రేఖాగణితం చిక్కు తెచ్చిపెట్టిన సందర్భమూ ఉంది. మిలాన్ కథెడ్రల్ వెడల్పు 96 బ్రాచియోలు. బ్రాచియో అంటే మన మూర వంటి స్థానిక కొలమానం. దాని నిలువుకోతను సమబాహు త్రిభుజం ప్రకారం అమర్చాలనుకొన్నప్పుడు ఎత్తు 83.138 బ్రాచియోలకు పైచిలుకుగా, ఎన్నటికీ పూర్తికాని భిన్నంగా వచ్చింది. పునాదులు లేచిన చోట, రాయి కొట్టేవారికి అటువంటి సంఖ్య ఇవ్వలేరు. 1391లో పియాచెంజా నుండి గాబ్రియేలె స్తోర్నలోకో అనే గణితజ్ఞుని పిలిపించారు. ఆయన ఆ ఎత్తును 84కు సవరించి, 14 బ్రాచియోల చొప్పున ఆరు సమభాగాలు చేయవచ్చునన్నారు. ఆయన వాడిన సూత్రానికి పనోఫ్‌స్కీ రాసిన వివరణ ఫ్రాంక్ల్ వ్యాసంతో పాటే ప్రచురితమైంది. ఒకే రాజ్యపు చట్టాల వల్ల కొలువులు పోగొట్టుకొన్న ఇద్దరు పండితులు పరాయి భాషలో కలిసి పనిచేసిన సందర్భంగా కూడా ఈ పుటలు గుర్తుంచుకోదగినవి.

5. రాతి బద్దె, గోతిక్ ఆరంభం:

1960లో వెలువడిన బృహద్గ్రంథంలో ఫ్రాంక్ల్ కట్టడాలను కాక, వాటిపై ఎనిమిది శతాబ్దాలుగా వచ్చిన మాటలను పరిశీలించారు. ఈ శైలిని అనాగరికులైన జర్మానిక్ జాతులకు అంటగట్టి నిందించిన ఇటలీ రచయితలు, 1772లో స్ట్రాస్‌బుర్గ్ కథెడ్రల్‌ను జర్మన్ వాస్తువని కీర్తించిన యువకుడు గోథే, ఆ శైలి పుట్టుక ఫ్రాన్స్‌లోనని 1840ల నాటికి చూపిన ఫ్రాంట్స్ మెర్టెన్స్, అందరికీ అందులో చోటుంది. గోతిక్ ఎవరి సొత్తన్న వాదం ఎంత పాతదో, ఎన్నిసార్లు దిశ మార్చుకొందో ఆ గ్రంథం పుట పుటలోనూ తెలుస్తుంది. జాతి పేరుతో వెలివేతకు గురైన రచయిత ఈ పని చేయడం యాదృచ్ఛికమని భావించడం కష్టం. అయినా ఆయన దానిని ఫిర్యాదుగా రాయలేదు.

ఆయన సొంత నిర్ణయం 1962 నాటి గోతిక్ వాస్తుచరిత్రలో ఉంది. రెండు సగపు గొట్టాల వంటి కప్పులు అడ్డంగా ఖండించుకొన్నప్పుడు కర్ణాల వెంట అంచులు ఏర్పడతాయి. ఆ అంచుల వెంట రాతి బద్దెలు వేయడంతోనే, రోమనెస్క్ గర్భంలోనే, గోతిక్ మొదలైందని ఫ్రాంక్ల్ వాదించారు. 1093లో ఆరంభమైన ఇంగ్లండ్‌లోని డర్హమ్ కథెడ్రల్ అందుకు ఆయన చూపిన ముఖ్య సాక్ష్యం. కర్ణాల వెంట నడిచే బద్దె కప్పును ముక్కలు చేస్తుంది. చూపును ఏటవాలుగా తిప్పుతుంది. తన్ను మోసే స్తంభాన్ని కూడా ఏటవాలుగా తిరగమంటుంది. స్తంభం మారితే గోడ మారుతుంది, గోడ మారితే కిటికీ మారుతుంది. సంపూర్ణంగా తనలో తాను నిలిచే రోమనెస్క్ అంగం స్థానంలో, మొత్తం లేనిదే అర్థం కాని అసంపూర్ణ భాగం వచ్చింది. గోతిక్ సారం ఆయన దృష్టిలో ఈ 'భాగత్వమే'.

బద్దెలు నిజంగా బరువు మోస్తాయా అన్నది అప్పటికే వివాదం. మొదటి ప్రపంచయుద్ధపు ఫిరంగి దెబ్బలకు బద్దెలు రాలిపోయినా కప్పు నిలిచిన చర్చిలున్నాయి. 1934లో పోల్ అబ్రహామ్ అటువంటి ఆధారాలతో బద్దె యాంత్రిక ప్రయోజనాన్ని ప్రశ్నించారు. ఫ్రాంక్ల్ సిద్ధాంతం ఈ దెబ్బకు తట్టుకొంటుంది. బద్దె బరువు మోసినా మోయకున్నా, కంటికి చేసే పని చేస్తూనే ఉంటుంది గనుక. కాని మరొక ప్రశ్నకు అది తట్టుకోదు. రూపం తన లోపలి తర్కంతోనే ముందుకు సాగేదైతే, బద్దెలు ముందుగా చూసిన ఇంగ్లండ్‌లో కాక, 1140–44 మధ్య సుజే మఠాధిపతి కట్టించిన సెయింట్ డెనిస్ గాయకమండపం వద్ద, పారిస్ పరిసరాలలో, ఆ శైలి ఎందుకు పరిపక్వమైంది? రాజాశ్రయం, పూజావిధానం, ధనం, రాతిగనుల అందుబాటు వంటివి ఆయన కథనంలో అంచులకే పరిమితమయ్యాయి. విచిత్రమేమంటే, శ్రేణి నియమం వెనుక జీవనోపాధిని గుర్తించిన 1945 నాటి వ్యాసకర్తే ఇక్కడ స్థపతిని దాదాపు మరచిపోయారు.

ఈ చివరి గ్రంథాన్ని ఫ్రాంక్ల్ జర్మన్‌లోనే రాశారు; డీటర్ పెవ్స్‌నర్ ఇంగ్లీషులోకి అనువదించారు. దానిని తన గ్రంథమాలలో వేసిన నికొలౌస్ పెవ్స్‌నర్ కూడా నాజీ చట్టాల వల్ల గెటింగెన్ వదలి ఇంగ్లండ్ చేరినవారే. ఫ్రాంక్ల్ 1962 జనవరిలో ప్రిన్స్‌టన్‌లో మరణించారు. 2000లో పాల్ క్రాస్లీ ఆ గ్రంథానికి కొత్త ముద్రణ తెచ్చినప్పుడు మూలపాఠాన్ని నిలిపి ఉంచి, నలభై ఏళ్ల పరిశోధన ఫలితాలను, అభ్యంతరాలను తన పీఠికలోను, వివరణలలోను చేర్చారు.