వాన పడకముందే వరద లెక్క.. ఏ నాలా ఎక్కడ పొంగుతుందో కంప్యూటర్ ఎలా చెబుతుంది?

హైదరాబాద్‌లో గంటసేపు గట్టి వాన పడితే చాలు.. రోడ్లు చెరువులైపోతాయి. వెంటనే వినిపించే మాట.. నాలా వెడల్పు చేయాలి. కానీ ఎక్కడ చేయాలి? ఎంత చేయాలి? పైన వెడల్పు చేస్తే ఆ నీళ్లన్నీ కిందనున్న బస్తీని ముంచేయవా? జేసీబీ దిగకముందే ఈ ప్రశ్నలకు జవాబు వెతికేందుకు ఇంజినీర్లు వాడేవే హైడ్రాలిక్ సాఫ్ట్‌వేర్లు. ఇవి ఎలా పనిచేస్తాయో చూద్దాం.

అసలు ఎన్ని నీళ్లొస్తాయి?

ఒక చదరపు కిలోమీటరులో 1 సెంటీమీటరు వాన పడితే కోటి లీటర్ల నీరు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 2 వేలు అన్నమాట. ఒకప్పుడు ఇందులో చాలావరకు నేలలోకి ఇంకేది. ఇప్పుడు డాబాలు, సీసీ రోడ్ల మీద పడింది పడినట్టే నాలాలోకి పరుగెడుతోంది. 2020 అక్టోబర్‌లో ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్కరోజులోనే 30 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది.

ఏ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది?

వీటిలో రెండు బాగా పేరున్నవి. మొదటిది స్టార్మ్ వాటర్ మేనేజ్‌మెంట్ మోడల్. 1971లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ దీన్ని తెచ్చింది. నగరాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క నుంచి ఎంత నీరు ఏ పైపులోకి వెళ్తుంది, ఏ మ్యాన్‌హోల్ ఎప్పుడు పొంగుతుంది అని లెక్కేస్తుంది.

రెండోది హెక్-రాస్. అమెరికా ఆర్మీ ఇంజినీర్ల విభాగం తయారుచేసింది. ఇది నదులు, వాగుల కోసం. వంతెన దగ్గర నీరు ఎంత ఎత్తుకు లేస్తుంది, గట్టు దాటి ఎంతదూరం పారుతుంది అనేది మ్యాప్ మీద చూపిస్తుంది. రెండూ ఉచితంగానే దొరుకుతాయి.

రెండూ ఎందుకు?

నాలా చివరికి కలిసేది మూసీలోనే. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తినప్పుడు మూసీలో నీటిమట్టం పెరుగుతుంది. అప్పుడు నాలా నీళ్లకు దారి ఉండదు. వెనక్కి తన్ని కాలనీల్లోకి వస్తాయి. నది సంగతి వదిలేసి నాలా ఒక్కదానికే లెక్క వేస్తే ఈ ముప్పు కనిపించదు. చెరువులదీ అంతే. 2020లో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి.

చెత్తకూ ఓ లెక్కుంది

ఐర్లాండ్ ఇంజినీర్ రాబర్ట్ మానింగ్ పేరుమీద ఓ సూత్రం ఉంది. ఈ సాఫ్ట్‌వేర్లు రెండూ దాన్నే వాడతాయి. కాలువ ఎంత గరుకుగా ఉంటే ప్రవాహం అంత తగ్గుతుంది. నున్నటి కాంక్రీట్‌కు ఈ గరుకుదనం అంకె దాదాపు 0.013. పిచ్చిమొక్కలు, రాళ్లు నిండిన వాగుకు 0.04 దాకా ఉంటుంది. అంటే అదే వెడల్పు, అదే లోతు, అదే వాలు ఉన్నా.. రెండోదాంట్లో మూడో వంతు నీళ్లే పారతాయి! పూడిక, ప్లాస్టిక్ పేరుకుంటే లోతు కూడా తగ్గి పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

తేడా ఎక్కడ కొడుతుంది?

కంప్యూటర్‌కు నాలా కనిపించదు, మనమిచ్చిన అంకెలే కనిపిస్తాయి. పాత మ్యాపులో 10 మీటర్లున్న నాలా, కబ్జాలతో ఇప్పుడు 4 మీటర్లే ఉందనుకోండి. పాత అంకె ఇస్తే కంప్యూటర్ 'అంతా ఓకే' అంటుంది. వాన మాత్రం ఊరుకోదు. అందుకే తాజా సర్వే తప్పనిసరి. ఆ తర్వాత పాత వరదలో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో మోడల్ లెక్కతో సరిపోల్చాలి. గోడల మీద మిగిలిన వరద మరకలు, కాలనీవాసులు ఫోన్లలో తీసిన వీడియోలు ఇక్కడ పనికొస్తాయి.

కాబట్టి మీ ఏరియాలో నాలా పనులు మొదలైతే అధికారులను మూడు ప్రశ్నలు అడగొచ్చు. సర్వే ఎప్పుడు చేశారు? గంటకు ఎంత వాన పడుతుందని లెక్కేశారు? పని పూర్తయ్యాక కిందివైపు బస్తీలో నీటిమట్టం పెరుగుతుందా, తగ్గుతుందా? మోడలింగ్ సరిగ్గా చేసి ఉంటే ఈ మూడింటికీ జవాబు అందులోనే ఉంటుంది.