దుమ్ము మనది, నిధీ మనదే

కొత్తగూడెం: బొగ్గు లారీలు తిరిగే దారి వెంట ఆరేసిన బట్టలు నల్లబడతాయి. బిందెలో నీళ్ల మీద మసి తేలుతుంది. ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది లగాయతు గని పక్క పల్లెలకు ఈ బాధ అలవాటైంది. ఈ నష్టానికి ఒక నిధి ఉందని తెలిసినవారు మాత్రం పల్లెల్లో తక్కువే.

2015లో గనుల చట్టం సవరించి, గనులున్న జిల్లాల్లో ఖనిజ నిధి పెట్టారు. ఆఫీసుల్లో దీన్నే డీఎంఎఫ్ అంటారు. అంతకుముందే లీజు పొందిన గని 100 రూపాయల రాయల్టీ కడితే, అదనంగా 30 రూపాయలు ఈ నిధికి జమ చేయాలి. 2024 నిబంధనల ప్రకారం కనీసం 70 శాతం తాగునీరు, వైద్యం, చదువు, కాలుష్య నివారణ వంటి ముఖ్య అవసరాలకే వెచ్చించాలి. గనికి 15 కిలోమీటర్ల లోపు పల్లెలు నేరుగా నష్టపోయినవాటి కింద లెక్క.

ఏజెన్సీ గ్రామాల్లో ఈ నిధితో ఏ పని చేపట్టాలన్నా గ్రామసభ ఆమోదం తప్పనిసరి. ఏటా చేసిన పనుల నివేదిక కూడా సభ ముందుంచాలి. పదిమంది వచ్చి వేలిముద్రలు వేసి పోతే, మంచినీళ్లకు రావలసిన డబ్బు మరో పనికి మళ్లుతుంది. కనుక గ్రామసభ చాటింపు వినగానే ఆడా మగా అందరూ కదలాలి. కావలసిన పని తీర్మానంలో రాయించాలి. దుమ్ము మింగినవారే నోరు విప్పకపోతే, వారి తరఫున అడిగేదెవరు?