ఆ ఉత్తరం మీ చేతికిస్తే ఏం చేస్తారు? 'శ్వేత రాత్రులు' కథ, సినిమా

ఈరోజు ఎపిసోడ్‌లో ఒక ఉత్తరం గురించి మాట్లాడుకుందాం.

ముందు ఒక సీన్ ఊహించుకోండి. మీరు ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నారు. అమ్మాయిలైతే అబ్బాయి అనుకోండి. ఆ విషయం తనకి తెలీదు. ఒకరోజు తనే మీ చేతికి ఒక ఉత్తరం ఇచ్చి, "ఇది కాస్త ఆయనకి అందజేస్తారా?" అని అడుగుతుంది. ఆ 'ఆయన' ఎవరో కాదు, తను ప్రేమిస్తున్న మనిషి. ఉత్తరం ఇచ్చారా, తను మీకు దక్కదు. ఇవ్వలేదా, ఎవరికీ తెలీదు. ఏం చేస్తారు?

ఈ ప్రశ్న 1848లో వచ్చిన ఒక రష్యన్ కథలో ఉంది. రాసింది దోస్తోయెవ్‌స్కీ. కథ పేరు తెలుగులో 'శ్వేత రాత్రులు', ఇంగ్లీషులో 'వైట్ నైట్స్'. ఈమధ్య రీల్స్‌లో ఈ పుస్తకం అట్ట చాలామంది చూసే ఉంటారు. ఇదే కథని 1957లో ఇటలీ దర్శకుడు లుకీనో విస్కోంతి సినిమాగా తీశాడు. పుస్తకంలో హీరో ఉత్తరాన్ని ఒకటి చేస్తాడు, సినిమాలో హీరో ఇంకొకటి చేస్తాడు. మన టాపిక్ ఆ తేడానే. స్పాయిలర్స్ ఉంటాయి, ముందే చెప్తున్నా.

పేరులో ఏముంది?

కథ జరిగేది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. ఆ ఊరు బాగా ఉత్తరాన ఉంటుంది కాబట్టి జూన్ నెలలో అక్కడ పూర్తిగా చీకటి పడదు. అర్ధరాత్రి కూడా ఆకాశం తెల్లగా, మసక వెలుతురుతో ఉంటుంది. అందుకే వాటిని శ్వేత రాత్రులు అంటారు. పగలూ కాదు, రాత్రీ కాదు. కలలు కనేవాడికి సరిపోయే టైం.

మన హీరోకి పేరే లేదు. వయసు 26. ఆ ఊళ్ళో ఎనిమిదేళ్ళుగా ఉంటున్నాడు, ఒక్క ఫ్రెండ్ లేడు. రోడ్డు పక్కన ఇళ్ళతో మనసులోనే మాట్లాడుకుంటాడు. తలలో మాత్రం వంద ప్రేమకథలు నడుస్తుంటాయి. ఒక రాత్రి కాలువ పక్కన ఏడుస్తూ నిలబడ్డ నాస్తెంకా కనిపిస్తుంది. మర్నాడు మళ్ళీ కలుద్దాం అంటే తను ఒప్పుకుంటుంది గానీ, మొదటి రాత్రే ఒక కండిషన్ పెడుతుంది: నన్ను ప్రేమించకూడదు.

ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి. నాస్తెంకా ఎవర్నీ మోసం చెయ్యలేదు. మొదటి రోజే చెప్పేసింది.

తన కథ ఏంటంటే, చూపులేని నాయనమ్మ దగ్గర పెరిగింది. మనవరాలు ఎక్కడికీ పోకూడదని ఆ పెద్దావిడ ఈ పిల్ల గౌనుని తన గౌనుకి పిన్నీసుతో కలిపి గుచ్చి పెట్టుకుంటుంది. అలాంటి ఇంట్లోకి అద్దెకి దిగిన ఒకతను చదవమని పుస్తకాలిచ్చాడు, నాయనమ్మతో సహా నాటకశాలకి తీసుకెళ్ళాడు. తర్వాత మాస్కో వెళ్తూ, ఏడాదిలో తిరిగొస్తానని మాటిచ్చాడు. ఏడాది అయిపోయింది. అతను ఊళ్ళోకి వచ్చాడని తెలిసింది, కానీ కలవడానికి రాలేదు. ఆ ఏడుపు అందుకు.

పుస్తకంలో ఉత్తరం

అతనికి ఉత్తరం రాయమని సలహా ఇచ్చేది మన హీరోనే. ఎలా రాయాలో కూడా చెప్తాడు. చూస్తే నాస్తెంకా దగ్గర ఉత్తరం అప్పటికే రాసి రెడీగా ఉంటుంది! దాన్ని ఇతని చేతిలో పెడుతుంది. ఇతను తీసుకెళ్ళి అందాల్సిన చోట అందిస్తాడు. లోపల ఎంత నొప్పి ఉన్నా చెప్పిన పని చేస్తాడు.

అయినా అతను వెంటనే రాడు. నాలుగో రాత్రి నాస్తెంకా ఆశ వదిలేసి, ఇక మీతోనే ఉంటాను అంటుంది. ఇద్దరూ రేపటి గురించి ప్లాన్లు వేసుకుంటూ నడుస్తుంటే అతను ఎదురొస్తాడు. అంతే, తను అతని దగ్గరికి పరుగెత్తుతుంది. మరుసటి ఉదయం హీరోకి ఒక ఉత్తరం వస్తుంది: క్షమించమని, త్వరలో పెళ్ళని. హీరో తిట్టడు, శపించడు. తను సుఖంగా ఉండాలని కోరుకుంటాడు. తనకి దొరికిన ఆ కాస్త సంతోషం జీవితానికి సరిపోదా అనుకుంటాడు.

సినిమాలో ఉత్తరం

విస్కోంతి ఈ కథని పీటర్స్‌బర్గ్ నుంచి ఇటలీకి, తన కాలానికి తెచ్చాడు. ఊరు లివోర్నో. కానీ అసలు ఊళ్ళో తియ్యలేదు. కాలువలు, వంతెనలు, సందులు మొత్తం రోమ్‌లోని చినెచిత్తా స్టూడియోలో సెట్ వేశాడు. చూస్తుంటే నిజం ఊరిలానూ ఉంటుంది, కలలోని ఊరిలానూ ఉంటుంది. మరి ఇటలీలో శ్వేత రాత్రులు ఉండవు కదా? దానికి ఆయన చేసిన ట్రిక్ బాగుంటుంది. చివరి రాత్రి మంచు కురిపించాడు. ఊరంతా తెల్లబడుతుంది.

హీరోకి ఇక్కడ పేరుంది, మారియో. మర్చెల్లో మాస్త్రోయాన్ని చేశాడు. ఊరికి కొత్తగా వచ్చిన చిన్న ఉద్యోగి. నటాలియాగా మరియా షెల్. సంగీతం నీనో రోటా. సినిమాకి ఆ ఏడాది వెనిస్ ఫెస్టివల్‌లో సిల్వర్ లయన్ వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. నటాలియా ఇచ్చిన ఉత్తరాన్ని మారియో అందించడు. చింపి కాలువలో పడేస్తాడు.

ఇక్కడ మారియో విలన్‌లా కనిపించడు, అదే గొప్పతనం. మనకి అతని మీద జాలేస్తుంది. బార్‌లో రాక్ ఎన్ రోల్ పాటకి డాన్స్ రాకపోయినా నటాలియా కోసం పిచ్చి గెంతులు వేసే సీన్ ఉంటుంది. నవ్వొస్తుంది, గుండె కూడా పిండేస్తుంది. ఇంత మంచివాడు కూడా ఆ పని చేశాడే అనిపిస్తుంది. 'నేనైతే చెయ్యను' అని గట్టిగా అనలేం.

కానీ ఏమైంది? మంచు కురుస్తున్న ఆ రాత్రి, వంతెన మీద అతను నిలబడి ఉంటాడు. ఉత్తరం అందకపోయినా వచ్చాడు! నటాలియా వెళ్ళిపోతుంది. మారియో ఒంటరిగా నడుస్తుంటే పక్కన ఒక వీధికుక్క చేరుతుంది. సినిమా అయిపోతుంది.

ఉత్తరం ఏం తేల్చింది?

ఫ్రెండ్స్, ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పుస్తకంలో ఉత్తరం అందింది, సినిమాలో చినిగింది. రెండింట్లోనూ అమ్మాయి వెళ్ళిపోయింది. ఉత్తరం వల్ల అమ్మాయి నిర్ణయం మారలేదు. ఆ ఉత్తరం తేల్చింది ఒక్కటే: అది చేతిలో ఉన్నప్పుడు ఈ అబ్బాయి ఎలాంటివాడు?

ఇప్పుడు ఉత్తరాలు లేవు, ఫోన్ ఉంది. కానీ సీన్ అదే. తనకి వచ్చిన మెసేజ్ డిలీట్ చెయ్యడం. 'వాడు మంచోడు కాదంట' అని లేనిది చెప్పడం. తను మొదటి రోజే చెప్పినా, 'ఇంత టైం ఇచ్చి ఇప్పుడు మోసం చేసింది' అని స్టేటస్ పెట్టడం. ఇవన్నీ ఉత్తరం చింపడమే. వెంటపడితే చివరికి ఒప్పుకుంటుందని మన సినిమాలు చాలాసార్లు చూపించాయి. దాన్ని నమ్మి బయట అలాగే చేస్తే, అవతల ఒక అమ్మాయి కాలేజీకి వెళ్ళడానికే భయపడే పరిస్థితి వస్తుంది.

వన్ సైడ్ లవ్ తప్పు కాదు. ఎవరి మీద మనసు పడుతుందో మన చేతిలో ఉండదు. బాధ కూడా తప్పు కాదు, ఏడుపొస్తే ఏడవండి. కానీ తన జీవితానికి సంబంధించిన ఉత్తరం మీ చేతికొస్తే, దాన్ని అందించాలా చింపాలా అన్నది మాత్రం పూర్తిగా మీ చేతిలోనే ఉంటుంది. పుస్తకంలో పేరులేని ఆ కుర్రాడు అందించాడు. అమ్మాయి దక్కలేదు గానీ, ఆ నాలుగు రాత్రుల్ని తలుచుకుంటే సిగ్గుపడాల్సిన పని అతనికి లేదు.

ఈ కథ ఇంకా చాలా చోట్లకి వెళ్ళింది. 1971లో ఫ్రాన్స్‌లో రొబేర్ బ్రెసోన్ తీశాడు. అందులో హీరో తన ఊహలన్నీ టేప్ రికార్డర్‌లో చెప్పుకుంటాడు, మన వాయిస్ నోట్స్‌లాగా. 2003లో తమిళంలో 'ఇయర్కై' వచ్చింది. 2007లో సంజయ్ లీలా భన్సాలీ 'సావరియా' తీశాడు, రణబీర్, సోనమ్‌ల మొదటి సినిమా అదే.

ముందు పుస్తకం చదవండి, చిన్నదే, ఒక సాయంత్రంలో అయిపోతుంది. తర్వాత విస్కోంతి సినిమా చూడండి. చూశాక మొదటి ప్రశ్నకి మళ్ళీ రండి: ఉత్తరం మీ చేతిలో ఉంటే ఏం చేస్తారు? కామెంట్‌లో రాయక్కర్లేదు. మీకు మీరు నిజం చెప్పుకుంటే చాలు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.